సన్నాయి హాస్టల్ రోజులు

నాదస్వరం హాస్టల్లో ఉండి చదువుకున్నానంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు. "అది మీ ఇంట్లో మీ నాన్న దగ్గర వచ్చే విద్యే కదా, దానికో బడీ, ఆ బడికో హాస్టలూనా?" అని అడుగుతారు. ఉన్నాయి. తిరుపతిలో దేవస్థానం వాళ్ల సంగీత నృత్య కళాశాల 1959 నుంచి నడుస్తోంది. దానికి తోడుగా నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల ఉంది. గాత్రం, వీణ, వయొలిన్, వేణువు, మృదంగం, హరికథ, నాట్యం చదివేవాళ్లు ఒకవైపు, మేము ఇంకోవైపు. ఎనభైల చివర్లో, ఎనిమిదో తరగతి పాసైన వేసవిలో నేనక్కడ చేరాను. ఇవాళ నా చేతిలో ఉన్న విద్యా, నలుగురిలో తలెత్తుకుని కూర్చునే అలవాటూ రెండూ అక్కడివే.

మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. తాత, నాన్న, బాబాయిలు అందరూ మేళం వాళ్లే. పెళ్లిళ్ల రోజుల్లో మా ఇంట్లో మగవాళ్లు కనపడేవాళ్లు కాదు. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా అందరూ అరుగు మీదే. ఆ నెలల్లో కొట్లో ఖాతా పెరిగేది, శ్రావణంలో తీరేది. మా అమ్మకి క్యాలెండర్ అంటే ముహూర్తాల పట్టికే. ఏ నెలలో ఎన్ని లగ్నాలున్నాయో ఉగాదినాడే లెక్కేసుకునేది.

మేళం లేకుండా పెళ్లి జరగదు. తాళి కట్టే వేళకి పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అనగానే పందిరంతా మా నాన్న వైపే చూసేది. ఆ కాసేపే. తర్వాత ఎవరికీ పట్టేది కాదు. చెప్పులు విడిచే మూల చాప, ఆఖరి బంతిలో భోజనం. నేను తాళాలు వాయించడానికి నాన్న వెంట వెళ్తున్న రోజుల్లో, ఒక పెళ్లిలో, ఆకు ముందు కూర్చున్న మమ్మల్ని లేపి "మేళం వాళ్లు తర్వాత" అన్నారు. అప్పటికి పొద్దున్నుంచీ ఊదుతూనే ఉన్నాడు నాన్న. ఏమీ అనలేదు, లేచి పందిరి బయటకొచ్చి నిలబడ్డాడు. ఆ రాత్రి బస్సులో మాత్రం అన్నాడు, "నువ్వు దీన్ని బళ్లో కూర్చుని చదవాలిరా. నీకు వచ్చని కాయితం మీద రాసివ్వాలి."

నాన్నకి ఆ ఆలోచన వచ్చిందంటే దానికి మా పక్కూరు కరవది కారణం. మా వైపు సన్నాయి పట్టుకున్న ప్రతి ఇంట్లోనూ షేక్ చిన మౌలానా గారి పేరు దేవుడి పేరుతో సమానం. ఆయన 1924లో కరవదిలో పుట్టారు. చిలకలూరిపేట ఆదం సాహెబు గారి దగ్గర నేర్చుకున్నారు. అది చాలదని తమిళనాడు వెళ్లి, నాచియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల దగ్గర తంజావూరు బాణీ పట్టుకుని, చివరికి శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత, 1998లో, మద్రాసు మ్యూజిక్ అకాడెమీ ఆయనకి సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. మా పొలాల పక్క ఊళ్లో పుట్టిన మనిషి రంగనాథుడి ఊళ్లో అంత గౌరవంగా బతుకుతున్నాడంటే, విద్యని విద్యగా నేర్చుకోవడం వల్లేనని నాన్న నమ్మకం. రేడియోలో ఆయన వాయింపు వస్తే ఇంట్లో ఎవరం మాట్లాడకూడదు. అన్నం తింటున్నా చెయ్యి ఆపేసేవాడు.

చేర్చడానికి వచ్చిన రోజు బాగా గుర్తు. ట్రంకు పెట్టె నా నెత్తిన, నాన్న చంకలో గుడ్డసంచి. గురువుగారి గది గుమ్మం దగ్గర నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అది పెళ్లివారి ముందు నిలబడే పద్ధతే, ఆయనకి ఇంకోటి తెలీదు. గురువుగారిది చిత్తూరు వైపు, అరవం కలిసిన మాట. "లోపలికి రాండి, కూర్చోండి" అని కుర్చీ చూపించారు. నాన్న కూర్చోలేదు. "మీది ఏ బాణీ?" అని అడిగారు. "మాకు బాణీ ఏముందయ్యా, పెళ్లిళ్లకి ఊదుకునేవాళ్లం" అన్నాడు నాన్న.

ఆయన లేచి, గోడకి ఆనించి ఉన్న తన నాదస్వరం తీసి నాన్న చేతికిచ్చారు. సీవాళి, అంటే నోట్లో పెట్టుకుని ఊదే రెల్లు పీక, ఎవరిది వాళ్లదే కదా, ఒకరి నోట్లోది ఇంకొకరు పెట్టుకోరు. నాన్న చొక్కా జేబులోంచి చిన్న రేకు డబ్బీ తీశాడు. అందులోంచి ఒక సీవాళి ఏరుకుని, నోట్లో కాసేపు నానబెట్టుకుని, బిగించుకుని శహాన రాగం మొదలెట్టాడు. పెళ్లిళ్లలో ఊదే శహానే, నేను పుట్టినప్పట్నుంచీ వింటున్నదే. కానీ ఆ గదిలో వేరే మాటలు, గిన్నెల చప్పుడు, పిల్లల ఏడుపులు లేవు. మా నాన్న శహానని ఏ గోలా లేకుండా వినడం నాకదే మొదలు. గురువుగారు కళ్లు మూసుకుని కూర్చున్నారు. వరండాలో పోతున్న ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆగారు. వాళ్లని లోపలికి పిలిచి కూర్చోమన్నారు.

అయ్యాక అన్నారు: "ఇదీ పెళ్లిళ్ల ఊదుడేనా? మా పిలకాయలకి ఇది పట్టుబడాలంటే మూడేండ్లు కావాల. ఇంటికాడ మీరు వీడికి ఏం చెప్పినారో అది అట్లే ఉండనీండి, దానిమీదే కడతాం మేము." ఆ మధ్యాహ్నం మెస్సులో ఆయన నాన్నని తన పక్కన, మొదటి వరసలో కూర్చోబెట్టుకున్నారు. నాన్న సరిగా తినలేకపోయాడు.

మొదటి నెలల్లో వాయిద్యం ముట్టుకోనివ్వలేదు. ఇంటి దగ్గర గీతాలు ఊదేసి వచ్చినవాణ్ణి, నాకు చేతులు ఊరుకునేవి కావు. "ఏందప్పా, అప్పుడే ఊదేస్తావా? ముందు పాడు. నోటికి రానిది గొట్టంలోకి ఎట్లొస్తాది?" అనేవారు. అలా మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, జంటలు, దాట్లు, సప్త తాళాల అలంకారాలు, అన్నీ నోటితోనే, చేత్తో తాళం వేస్తూ, మూడు కాలాల్లో. గొంతు బాగున్నా లేకపోయినా పాడాల్సిందే. శుద్ధ రిషభం, అంటే కింది 'రి', నిలబడే దాకా ఆయన ముందుకి కదిలేవారు కాదు. తర్వాత వాయిద్యం చేతికొచ్చాక తెలిసింది ఎందుకో. నాదస్వరానికి వేళ్లతో మూసే రంధ్రాలు ఏడే. వాటి కింద ఇంకో ఐదు ఉంటాయి గానీ అవి శ్రుతి సరిచేసుకోవడానికి, మైనంతో మూసుకునేవి. ఉన్న ఏడింటిలోనే పన్నెండు స్వరస్థానాలూ పలకాలి. సగం పని వేలిది, మిగతాది గాలిదీ పెదవిదీ. చెవిలో స్వరం ముందే ఉంటేనే పెదవికి ఎంత నొక్కాలో తెలుస్తుంది. హార్మోనియం మెట్లలాగా ఎక్కడ నొక్కితే అక్కడ పలికే వాయిద్యం కాదిది.

ఊదడం మొదలెట్టాక ఇంకో రకం కష్టం. బుగ్గలు ఉబ్బితే వెనక నుంచి వచ్చి వేలితో పొడిచేవారు. గాలి పొట్టలోంచి రావాలి. నాలిక కొసతో స్వరాన్ని విడగొట్టే తుత్తుకారం ఒక పాఠం, విడగొట్టకుండా ఒకే ఊపిరిలో సాగదీసే అకారం ఇంకో పాఠం. సాయంత్రానికి పెదవులు మొద్దుబారిపోయి మజ్జిగ తాగినా తెలిసేది కాదు. కొత్తగా వచ్చినవాళ్లకి కళ్లు తిరిగేవి. పాతవాళ్లు గోడకి ఆనించి కూర్చోబెట్టి బెల్లం ముక్క నోట్లో పెట్టేవాళ్లు.

ఇంకా చీకటి ఉండగానే గంట కొట్టేవాళ్లు. స్నానాలు చన్నీళ్లతోనే. దీపం ముందు ప్రార్థన అయ్యాక ఎవరి మూల వాళ్లది. నీళ్ల ట్యాంకు పక్క గోడ సీనియర్లది, ఎందుకంటే అక్కడ ఊదితే శబ్దం గోడకి కొట్టుకుని తిరిగి చెవికి వస్తుంది, తప్పొప్పులు బాగా తెలుస్తాయి. మెట్ల కింద ఇద్దరు, వేపచెట్టు కింద ముగ్గురు, డాబా మీద మిగతావాళ్లు. ఒకడు భూపాళం, ఇంకొకడు బౌళి, కొత్తవాడు సరళీ స్వరాల్లోనే. బయటివాళ్లకి అదంతా గోలే. మాకు మాత్రం ఎవరు ఏ మూల ఏ స్వరం దగ్గర తడబడుతున్నాడో పక్క మీదనుంచే తెలిసేది. జ్వరం వచ్చి పడుకున్న రోజున కూడా దుప్పట్లోంచి వేళ్లు కదులుతుండేవి.

మా దగ్గర పేర్లతో పిలుచుకోవడం తక్కువ, ఊరి పేర్లే. పుత్తూరు, మదనపల్లి, రాయచోటి, నేను ఒంగోలు. పుత్తూరు వాడిది డోలు. నా మంచం పక్క మంచం వాడిదే. వాడి చేతి తొడుగులు చేసుకోవడం చూస్తూ కూర్చోవడం నాకు ఆ రోజుల్లో పెద్ద ముచ్చట. డోలుకి కుడివైపు వేళ్లతో, ఎడమవైపు కర్రతో వాయిస్తారు. ఆ కుడి వేళ్లకి గట్టి తొడుగులు కావాలి. పాత పంచె చింపి సన్నటి పేలికలు చేసేవాడు. మైదా ఉడకబెట్టిన జిగురు రాస్తూ ఒక్కో పేలికా వేలి చుట్టూ బిగించి చుట్టేవాడు, పొర మీద పొర. వేలి నుంచి జాగ్రత్తగా లాగి ఎండలో పెట్టేవాడు. ఎండాక ఒకదానికొకటి కొడితే టక్ టక్‌మని చెక్క చప్పుడు రావాలి. మెత్తగా వస్తే పారేసి మళ్లీ మొదటికి. వదులైతే వాయిస్తుంటే ఎగిరిపోతుంది, బిగువైతే వేలు నీలం తిరుగుతుంది. మొదటి ఏడాది వాడు తోలు మీద కంటే చెక్క మీద కొట్టిందే ఎక్కువ. త ది తొం నం, త ది తొం నం, పొద్దున లేస్తే అదే. అరచేతులు బొబ్బలెక్కితే రాత్రి ఆముదం రాసుకుని పడుకునేవాడు. కర్ర గంగరావిది, డోలు పనసది. ఆ పనస డోలు ఎత్తి మెడకి తగిలించుకుంటే వాడు ముందుకి వంగిపోయేవాడు. అంత పిల్లవాడు వాడు.

నా సంగతికొస్తే సీవాళి గురించి చెప్పాలి. మా ఊళ్లో పీక అనేవాళ్లం. నాదస్వరం కర్ర ఎంత మంచిదైనా, పాత ఇళ్ల దూలాల నుంచి తీసిన ఆచా కర్రతో కుంభకోణం దగ్గర నరసింగంపేటలో చేయించినదైనా, సీవాళి బాగాలేకపోతే అది ఉట్టి కట్టె. కావేరి, కొల్లిడం ఒడ్డున పెరిగే ఒక రకం రెల్లుతో చేస్తారు వాటిని. కట్టగా కొనుక్కొస్తే అందులో మనకి పనికొచ్చేవి ఎన్నో ముందే చెప్పలేం. ఒక్కోటీ నోట్లో నానబెట్టి, వాయిద్యానికి తగిలించకుండా వట్టిదే ఊది చూడాలి. కీచుగా అరిస్తే కొద్దిగా నొక్కి సరిచేయాలి, గాలి పోకపోతే సూదితో దాని పెదవులు విప్పాలి. ఆ సూదీ, రెండు మూడు అదనపు సీవాళీలూ దారానికి కట్టి నాదస్వరానికే వేలాడదీసుకుంటాం. చూసేవాళ్లు అలంకారం అనుకుంటారు. కచేరీ మధ్యలో సీవాళి మొరాయిస్తే ఆ దారమే దిక్కు. తిరుపతి ఎండాకాలంలో ఒక పూట బాగా పలికింది రెండో పూటకి బిర్రబిగిసిపోయేది. వానాకాలంలో ఉబ్బేది. గురువుగారు ఒకోసారి పది నిమిషాలు ఏమీ చెప్పకుండా ఒక పిల్లవాడి సీవాళి తీసుకుని సరిచేస్తూ కూర్చునేవారు. మేమంతా చుట్టూ చేరి చూసేవాళ్లం. అది కూడా పాఠమే. ఏ పుస్తకంలోనూ దొరకని పాఠం.

పుస్తకాల పాఠమూ ఉండేది. మధ్యాహ్నం భోజనాల తర్వాత థియరీ క్లాసు. 72 మేళకర్త రాగాలు, చక్రాల పేర్లు, తాళ దశప్రాణాలు, వాగ్గేయకారుల చరిత్రలు. మాలో చాలామందికి చదువు అంతంతమాత్రమే. స్వరలిపి రాయడం మొదట్లో పరీక్ష కంటే పెద్ద టెన్షన్. కానీ ఏటా సెలవులకి ఇంటికెళ్లినప్పుడు నాన్న వాయించే వర్ణం నేను నోటుబుక్కులో స్వరాలతో రాసి చూపిస్తే, ఆయన ఆ కాయితం మీద వేలు పెట్టి, చదవడం రాకపోయినా, వరసలు లెక్కపెట్టేవాడు. "ఇదంతా నేను ఊదిందేనా?" అని అడిగేవాడు. ఆ నోటుబుక్కులు మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి.

రాత్రి భోజనాలయ్యాక గురువుగారికి మనసు బాగుంటే వరండాలో కూర్చుని పాత విద్వాంసుల కబుర్లు చెప్పేవారు. ఎక్కువగా తిరువావడుతురై రాజరత్నం పిళ్లై గారివి. ఆయన తోడి రాగం ఎలా ఉండేదో, గాత్ర విద్వాంసులు కూడా ఆయన రాగాలాపన విని తమ పాట ఎలా మార్చుకున్నారో. పొట్టి తిమిరి నాదస్వరం స్థానంలో పొడుగు బారి నాదస్వరాన్ని ఆయన ఎలా వాడుకలోకి తెచ్చారో. అన్నిటికంటే మాకు ఇష్టమైనది, నాదస్వరం వాళ్లు కూడా మిగతా విద్వాంసులతో సమానంగా వేదిక ఎక్కి కూర్చుని వాయించాలని ఆయన పట్టుబట్టిన సంగతి. అది ఎన్నిసార్లు చెప్పించుకున్నామో! నేనైతే ప్రతిసారీ ఆ పెళ్లిపందిరి తలుచుకునేవాణ్ణి. మొదట్లో గాత్రం, వీణ పిల్లల ముందు మాకు కొంచెం బెరుకు. వాళ్లలో చాలామంది చదువుకున్న ఇళ్లవాళ్లు, మాట తీరే వేరు. ఒకరోజు వాళ్ల మాస్టారు వాళ్లందర్నీ వెంటబెట్టుకుని మా క్లాసుకి వచ్చి, కింద కూర్చోబెట్టి, "రాగం ఎలా సాగదీయాలో ఇక్కడ వినండి" అన్నారు. ఆ తర్వాత బెరుకు తగ్గింది. హరికథ చదివే అన్నయ్య ఒకాయన ఆదివారాలు మా దగ్గరికొచ్చి, మేం వాయించే త్యాగరాజ కృతుల సాహిత్యం అర్థం విడమరిచి చెప్పేవాడు. ఎక్కడ మాట విరుగుతుందో అక్కడే ఊపిరి తీసుకోవాలి, మాట మధ్యలో తీసుకోకూడదు అని నేర్చుకుంది ఆయన వల్లే. ఈ పని ఇప్పటికీ చాలామంది మేళం వాళ్లు చెయ్యరు, నాకు అదొక బాధ.

వానలు బాగా పడితే కపిలతీర్థం జలపాతం ఉరుకుతుంది. ఆదివారం పర్మిషన్ తీసుకుని అక్కడికి పోయేవాళ్లం. అలిపిరి నుంచి మెట్లెక్కి కొండకి నడవడమూ అప్పుడప్పుడూ. సినిమాలకి డబ్బులుండేవి కావు. మా అసలు కాలక్షేపం గోవిందరాజస్వామి గుడి. సాయంత్రం అక్కడ ఆస్థాన విద్వాంసులు వాయిస్తుంటే ఒక స్తంభం పక్కన చేరి వినేవాళ్లం. తెల్లవారితే భూపాళం, పొద్దెక్కితే బిలహరి, సాయంత్రం కల్యాణి, పూర్వికల్యాణి, స్వామి పవళించే వేళకి నీలాంబరి. రాగాలకి వేళలున్నాయని థియరీలో రాసిందాన్ని అక్కడ గుళ్లో రోజూ జరుగుతుంటే చూశాం. స్వామికి ఏది జరిగినా దానికో వాయింపు ఉంది. నైవేద్యం వస్తుంటే తళిగ మల్లారి, తీర్థం తెస్తుంటే తీర్థ మల్లారి, రథం కదిలితే తేరు మల్లారి.

మల్లారి గురించి కొంచెం చెప్తాను, ఎందుకంటే అది మా సొంతం. దానికి సాహిత్యం లేదు, ఎవరూ పాడరు, నాదస్వరం డోలు కోసమే పుట్టింది. రాగం గంభీరనాట. రిషభం, ధైవతం లేని రాగం, ఐదే స్వరాలు. ఒకే వరస మొదట నెమ్మదిగా, తర్వాత మధ్యమకాలంలో, తర్వాత ద్రుతంలో వాయిస్తారు.

వైశాఖంలో గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలు. ఒక ఏడు గరుడసేవ రాత్రి మా బ్యాచిని కూడా ఆస్థానం వాళ్ల వెనక నిలబడమన్నారు. పెద్దవాళ్లు నలుగురు ముందు, మేం వెనక వరసలో. నాకు గురువుగారు చెప్పిన పని ఒక్కటే, "నువ్వు షడ్జం వదలొద్దు. ఏం జరిగినా వదలొద్దు." మా పుత్తూరు డోలు తగిలించుకుని నా పక్కనే. చుట్టూ దివిటీల వేడి, నూనె వాసన, గోవింద నామాలు. పగలంతా కాగిన రోడ్డు రాత్రి కూడా అరికాళ్లు కాలుస్తూనే ఉంది. వాహనం మోసేవాళ్లు భుజాలు ఆనించి ఎదురుచూస్తున్నారు. డోలు ఒక్క దెబ్బ పడింది, మల్లారి మొదలైంది, వాహనం లేచింది.

అప్పటిదాకా నేను మల్లారిని క్లాసులో కూర్చునే నేర్చుకున్నాను. నడుస్తూ ఊదడం వేరే విద్య. అడుగు పడ్డప్పుడల్లా పొట్టలో గాలి కదులుతుంది, స్వరం వణుకుతుంది. ఆ వణుకు రాకుండా మోకాళ్లు కొంచెం వంచి, పాదం మొత్తం ఆనించి నడవాలి. పెద్దవాళ్ల కాళ్లు చూస్తూ పట్టుకున్నాను. కాస్త దూరం పోయాక ఇంకోటి గమనించాను. వాహనం మోసేవాళ్ల అడుగులు డోలు దెబ్బల మీద పడుతున్నాయి. మేం కాలం పెంచితే స్వామి ఊగుతూ ముందుకొస్తున్నాడు, మేం ఆపితే ఆగుతున్నాడు. మాడ వీధుల్లో అంతమంది జనం, వాళ్ల మధ్యలో దేవుడు, ఆ దేవుడి నడక మా చేతుల్లో ఉంది. మలుపు దగ్గర ముందువరస విద్వాంసుల్లో ఒకాయన సీవాళి మార్చుకోవడానికి ఆగి, వెనక్కి తిరిగి నాకు కళ్లతోనే సైగ చేశారు, నువ్వు అందుకో అని. ఆయన మార్చుకునే లోపు ద్రుతకాలం నేను ఊదాను. ఎంతసేపో తెలీదు. పుత్తూరు నా వైపు తిరిగి వాయించడం మాత్రం గుర్తుంది, వాడి మొహమంతా చెమట, నవ్వు.

ఆ రాత్రి ప్రసాదం ఇచ్చేటప్పుడు ముందు వాయిద్యం వాళ్లని పిలిచారు. దొన్నెలో చక్కెరపొంగలి. నాన్నకి ఉత్తరం రాస్తే మల్లారి సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, ఈ పిలిచిన సంగతే పేజీ అంతా రాశాను.

చదువు అయిపోయి డిప్లొమా పరీక్షకి బయటి నుంచి విద్వాంసులు వచ్చారు. నన్ను ఏ రాగం ఇష్టమని అడిగితే శహాన అన్నాను. నాన్న పద్ధతిలో మొదలుపెట్టి, గురువుగారు నేర్పినట్టు విస్తరించుకుంటూ పోయాను. అందులో నాన్నదెక్కడ ఆగిందో బడిదెక్కడ మొదలైందో గురువుగారికి తెలుసు, నాకు తెలుసు. బయటికొచ్చాక ఆయన నా భుజం మీద చెయ్యేసి, "మీ నాయనకి జాబు రాయి, నేను చెప్పినానని" అన్నారు, అంతే. సర్టిఫికెట్ తీసుకెళ్లి ఇస్తే నాన్న దాన్ని ఫ్రేము కట్టించాడు. ఆ తర్వాత నేను ఒప్పుకున్న ప్రతి పెళ్లికీ మేళానికి ఎత్తు వేదిక, మొదటి బంతి ముందే మాట్లాడుకుంటున్నాను. కొందరు ముక్కు విరుస్తారు, వాళ్ల పెళ్లికి నేను వెళ్లను. ఈ విషయంలో మా వాళ్లందరూ గట్టిగా ఉండాలని నా కోరిక. మనం అడక్కపోతే ఎవరూ ఇవ్వరు.

మా బ్యాచిలో కొందరికి గుళ్లలో ఉద్యోగాలొచ్చాయి. మదనపల్లి వాడు ఒక దేవాలయంలో ఆస్థాన విద్వాంసుడు. రాయచోటి వాడు సన్నాయి వదిలేసి వ్యాపారం పెట్టుకున్నాడు, ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒక రాగం పాడించుకుంటాడు. పుత్తూరు ఇప్పటికీ నా డోలు. వాడి తొడుగులు వాడే చేసుకుంటాడు, దుకాణంలో దొరికేవి వాడికి నచ్చవు. గురువుగారు పోయి చాలాకాలమైంది. నాన్న మొన్న మొన్నటి దాకా ఊదారు.

పెళ్లిళ్లలో ఇప్పుడు డీజేలు వచ్చాయి, మేళాన్ని తాళి కట్టే ఆ కాసేపటికే పిలిచే వాళ్లూ ఉన్నారు. అయినా నేర్చుకునే పిల్లలు తగ్గారంటే నేను ఒప్పుకోను. మా ఇళ్లలో ఆడపిల్లలు కూడా ముందుకొస్తున్నారు. మౌలానా గారి దగ్గరే నేర్చుకున్న షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు మా బంధువుల గ్రూపులో ఆ రోజంతా అదే ముచ్చట. కాలీషాబీ గారి వాయింపు విని మా చిన్న బాబాయి మనవరాలు నాదస్వరం పట్టుకుంటానంది. ఇంట్లో ఒకరిద్దరు సణిగారు. నాన్న వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడాడు.

ఈ ఏడు మా అన్న కొడుకుని తిరుపతిలో చేర్పించాం. చేరిన నెలకి ఫోన్ చేశాడు. ఇంకా వాయిద్యం ఇవ్వలేదట, పాడిస్తున్నారట, శుద్ధ రిషభం సరిగా లేదంటున్నారట. తిండి బాగుందన్నాడు. ట్యాంకు పక్క గోడ గురించి అడిగాను, ఎవరూ చెప్పలేదన్నాడు, వెళ్లి అక్కడ పాడి చూడమన్నాను. వచ్చే నెలలో ఊదడం మొదలెడతారట, మంచి సీవాళీలు కావాలన్నాడు. పుత్తూరు వాడు పోయిన వారమే కుంభకోణం వైపు వెళ్తున్నానంటే రెండు కట్టలు తెమ్మని చెప్పాను.